రాజు మొదలు తలారి దాకా

దేశాన్ని ఏలేవాళ్ల కోసం ప్రార్థన చేయడం ఈమధ్య వచ్చిన అలవాటా తాతా అని అడిగావు చూడు, నీ వీపు తట్టాలో చెవి మెలిపెట్టాలో తెలియడం లేదు నాకు. మంట దగ్గరికి జరుగు. ఊరికే కూర్చోకుండా ఆ అనపకాయలు ఒలుస్తూ విను. చేతికి పనుంటే చెవి చురుగ్గా ఉంటుందని మాయవ్వ అనేది. సంక్రాంతి ముందర చలి, అందులో మన గౌరిబిదనూరు చలి. కథ కాస్త పొడుగైనా నీకొచ్చే నష్టమేం లేదు.

మా ఇంట్లో సందెపొద్దుకు దీపం పెట్టగానే ప్రార్థన. దీపమంటే కిరసనాయిలు బుడ్డి. యుద్ధం రోజుల్లో కిరసనాయిలు దొరకడమే గగనం. పోసిన చమురు వారమంతా రావాలని, మా తాత ప్రార్థనకు నోరు తెరవగానే మాయవ్వ వత్తి తగ్గించేసేది. కండ్లు మూసుకున్నాక వెలుతురుతో పనేముందని ఆమె లెక్క. మగవాళ్లు తలగుడ్డ తీసి పక్కన పెట్టాలి, ఆడవాళ్లు కొంగు కప్పుకోవాలి. వాకిట్లో చెప్పులు ఒకటి తూర్పుకూ ఒకటి పడమరకూ పడుంటే తాత మొదలుపెట్టేవాడే కాదు. పిల్లలెవరో ఒకరు లేచిపోయి వాటిని వరసలో పెట్టి రావాలి. దొరగారి కచేరీకి పోతే ఇట్లనే విసిరేస్తారా అనేవాడు.

ఆ ప్రార్థన మైసూరు అరమనలో మొదలై మా ఊరి తలారి ఇంటి ముందర ముగిసేది. మొదట మహారాజు. తర్వాత దివాను. తర్వాత కోలారులో డిప్యూటీ కమిషనరు, తాలూకాకు అమల్దారు, హోబళికి శేకదారు, ఊరికి పటేలు, శానుభోగు, ఆఖరికి తలారి. ఒక్క పేరు వదలడు. ఎవరి పెండ్లామైనా నీళ్లాడితే ఆ సంగతి కూడా ప్రార్థనలో పడిపోయేది. పొయ్యి మీద సంగటి గట్టిపడుతుందని మాయవ్వ గాజులు గలగలలాడించేది. ఆ చప్పుడు అమల్దారు దగ్గర వినిపిస్తే తాత శేకదారు దగ్గర కాస్త వేగం పెంచేవాడు.

"మహారాజు కోసం అడిగితే చాలదా నాయనా, శానుభోగు దాకా ఎందుకు?" అని మా నాయన చిన్నప్పుడు అడిగాడంట. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడని వినలేదారా? అరమనలో రాసిన మంచి హుకుం మన చేను గట్టు దాకా రావాలంటే ఎన్ని చేతులు దాటాల? ఆ చేతులన్నిటికీ ప్రార్థన కావల్ల" అన్నాడంట తాత. ఆ రోజుల్లో మాకొక శానుభోగు ఉండేవాడు, పేరెందుకులే. పహణీలో ఒక గీత గీయాలన్నా ఆయనకు నెయ్యి చెంబో కోడిపుంజో ముట్టాల్సిందే. ఆయన పేరొచ్చినప్పుడు తాత గొంతు కొంచెం పెద్దదయ్యేది. కోపంతో కాదు. దేవుడు ఆ పేరును తప్పకుండా వినాలని.

తాతకు కొన్ని కట్టుబాట్లుండేవి. ఏలేవాళ్ల కోసం ప్రార్థన చేసేటప్పుడు మన సొంత అర్జీ అందులో కలపకూడదు. అమల్దారుకు జ్ఞానమివ్వు అని అడగొచ్చు, మా పొలం తగువు మా వైపు తీర్చేలా జ్ఞానమివ్వు అని మాత్రం అనకూడదు. పొగడ్తలు పనికిరావు, ఆయన ఎంత గొప్పవాడో దేవుడికి మనం చెప్పాల్సిన పనిలేదు. తిట్టనూ కూడదు. ఇక మిగిలిందేమిటంటావా? న్యాయం చేసే బుద్ధి, నిజం చెప్పే మంత్రి, ఆరోగ్యం. ఇవి మూడూ అడిగి ఆమేన్ అనాలి.

ఇదంతా తాత సొంత తెలివి అనుకోకు. పౌలు తిమోతికి రాసిన మొదటి జాబులో రెండో అధ్యాయం తెరువు. రాజుల కోసం, అధికారంలో ఉన్న వాళ్లందరి కోసం ప్రార్థన చేయమని అన్నిటికంటే ముందర అదే చెప్పాడు. అప్పుడు రోములో గద్దె మీద ఉన్నది నీరో అని పెద్దలు చెబుతారు. నీరో ఎట్లాంటివాడో మీ బడి పుస్తకాల్లోనే ఉంది. అంతకు ఎన్నో వందల ఏండ్ల ముందర, బబులోనుకు చెరపట్టుకుని పోయిన తన జనానికి యిర్మీయా జాబు రాసి, ఆ పరాయి పట్నం క్షేమం కోసమే ప్రార్థించమన్నాడు. మన ఇండ్లు కూలగొట్టినోళ్ల ఊరి కోసం! తాత అది చదివి వినిపించినప్పుడల్లా మాయవ్వ ఉష్షురుమనేది. తర్వాత కాలంలో, రెండో శతాబ్దం చివర్లో, ఆఫ్రికాలో కార్తేజి పట్నంలో తెర్తుల్లియను అనే ఆయన రోము అధికారులకు తెగేసి రాశాడు. మేము చక్రవర్తికి ధూపం వేయం, ఆయన్ని దేవుడనం, కానీ ఆయన ఆయుస్సు కోసం, ఆయన రాజ్యం నెమ్మదిగా ఉండడం కోసం మా దేవుడిని అడుగుతూనే ఉన్నాం అని. చక్రవర్తికి మొక్కడం వేరు, చక్రవర్తి కోసం మొక్కడం వేరు. మొదటిది చేయనందుకు వాళ్లు ప్రాణాలిచ్చారు, రెండోది మాత్రం మానలేదు.

పౌలు జాబు తెలుగులో మన చేతికి ఎట్ల వచ్చిందో కూడా చెప్పాలి. 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెగ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు వాళ్లతో కూర్చుని సువార్తలు తెలుగు చేయడానికి సాయపడ్డాడు. పని సగంలో ఉండగానే 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ పోయారు. వెనకొచ్చినవాళ్లు ఆ పని పట్టుకుని సాగిస్తే 1818కి కొత్త నిబంధన మొత్తం తెలుగులో అచ్చయింది. మాయవ్వ పెట్టెలో ఉండిన బైబిలుకు అట్ట ఊడిపోతే గోనెసంచి గుడ్డ కుట్టింది, దానికి పసుపు మరకలు... ఆగు, ఆగు. రామాయణంలో పిడకల వేటలాగా యాడికో పోతున్నా. రాజుల దగ్గరికి వద్దాం.

మా వాళ్లకు ఇద్దరు రాజులు. మైసూరులో మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, లండనులో చక్రవర్తి. బడిలో పిల్లలందరూ పొద్దున్నే మహారాజును కాపాడమని గౌరమ్మను వేడుకునే సంస్థానం పాట పాడేవాళ్లు, ఆదివారం గుడిలో మా వాళ్లు అదే మహారాజు కోసం యేసుస్వామిని అడిగేవాళ్లు. గద్దె మీద హిందూ రాజు, ఆయన పక్కన దివానుగా మీర్జా ఇస్మాయిల్ సాహెబు, ఇద్దరి పేర్లూ ఎత్తి మాలాంటి కిరస్తానం ఇండ్లలో తెలుగులో ప్రార్థన. గుడిలో మాత్రం కన్నడం. అప్పట్లో అదేం వింతగా తోచలేదు ఎవరికీ. 1933లో మైసూరులో ఫిలోమినా గుడి కట్టేటప్పుడు పునాదిరాయి వేసింది కూడా మహారాజే. చిక్కబళ్లాపురంలో 1913లో లండన్ మిషన్ వాళ్లు పెట్టిన ఆస్పత్రిలో, అమల్దారు పక్క మంచం మీద కూలివాడు పడుకునేవాడని తాత గొప్పగా చెప్పుకునేవాడు.

1936వ సంవత్సరం మాత్రం మా వాళ్లను ముప్పుతిప్పలు పెట్టింది. జనవరిలో అయిదో జార్జి చక్రవర్తి పోయాడు. సరే, కొడుకు ఎనిమిదో ఎడ్వర్డు వచ్చాడు, పేరు మార్చుకున్నారు. మా లండన్ మిషన్ వాళ్లకు పుస్తకం చూసి చదివే ప్రార్థన అలవాటు లేదు, అంతా నోటికొచ్చిందే. కాబట్టి కొత్త పేరు నోటికి పట్టడానికి ఉపదేశికి నెలలు పట్టింది. తీరా పట్టిందనుకునేసరికి డిసెంబరులో ఆయన గద్దె దిగిపోయాడు. ఎందుకయ్యా అంటే, మొగుళ్లను వదిలేసిన ఒకావిడను పెండ్లాడాలని! రైలులో బెంగళూరు నుంచి పేపరు వచ్చిన రోజు సంగటి గంటెలు కూడా పనిచేయలేదంట ఊళ్లో. ఆడవాళ్లు ఉపదేశిని చుట్టుముట్టారు. మరి ఈ ఆదివారం ఎవరి పేరు చెప్పాల? ఆయన గడ్డం గీరుకుని, "కొత్తగా వచ్చిన ఆరో జార్జి పేరు" అన్నాడు. మాయవ్వ ఊరుకుంటుందా! "రాజ్యం పోతే మనిషి కూడా పోయినట్లేనా? నిన్నటి దాకా పేరు పెట్టి అడిగినోణ్ని ఇయ్యాల గెంటేస్తామా? ఆయనా ఉండనీ" అంది. అట్ల కొన్నాళ్లు ఇద్దరి పేర్లూ నడిచాయి. లండనులో ఎవరికీ తెలియని సంగతి ఇది.

ఇక నవ్వు ఆపు. ఇప్పుడు చెప్పబోయేది నవ్వే సంగతి కాదు.

విదురాశ్వత్థం చూశావు కదా, ఉత్తర పినాకిని ఒడ్డున, నాగప్రతిమలు వేలకొద్దీ ఉన్న చోటు. విదురుడు నాటాడని చెప్పుకునే పెద్ద రావిచెట్టు అక్కడుండేది, 2001లో పడిపోయింది. 1938 ఏప్రిల్ 25, సోమవారం. చైత్రమాసం జాతర రోజులు. కాంగ్రెసు వాళ్లు జెండా ఎగరేస్తామన్నారు, సర్కారు వద్దంది. జనం తోటలో పోగయ్యారు. పోలీసులు కాల్చారు. జెండా చూద్దామని వచ్చినవాళ్లూ, జాతరకు బొరుగులు కొనుక్కోను వచ్చినవాళ్లూ పడిపోయారు. చచ్చిపోయినవాళ్ల లెక్కలో సర్కారు మాటకూ జనం మాటకూ పొంతన లేదు. జనం ముప్పైకి పైనే అన్నారు. తర్వాత దాన్ని దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని పిలిచారు.

మా చిన్నాయన ఆ రోజు జాతరలో గాజుల మలారం మోసుకుని తిరుగుతున్నాడు. మలారం అక్కడే వదిలేసి, చేలకడ్డంబడి, చీకటి పడ్డాక ఇంటికి చేరాడు. ఒంటి మీద గాయం లేదు గానీ మాట రాలేదు. ఆ రాత్రి కూడా బుడ్డి వెలిగించారు, చాప పరిచారు. తాత మోకరించాడు. అరమన దగ్గర మొదలు కావాలి కదా ప్రార్థన? "మహారాజు..." అని ఆగిపోయాడు. ఎంతసేపటికీ గొంతు పెగల్లేదు. కంచే చేను మేస్తే, ఆ కంచె కోసం దేవుడిని ఏమని అడగాల?

అప్పుడు మాయవ్వ అందుకుంది. ఆడవాళ్లు ఆ ఇంట్లో గట్టిగా ప్రార్థన చేయడం అదే మొదలు. మా చిన్నాయన నాకు ఎన్నోసార్లు చెప్పాడు ఆ మాటలు. "సామీ, ఆ తల్లుల కడుపుకోత నీకు తెలుసు. నీ కొడుకునూ రాజు మనుషులే చంపిరి. కాల్చినోళ్ల చేతులు వణికించు. కాల్చమన్నోళ్లకు నిద్ర పట్టనీయకు, అది వాళ్ల మేలు కోసమే అడగతాండా. మహారాజుకు నిజం చెప్పే మనిషి ఒక్కణ్ని అరమన లోపలికి పంపు." అంతే. ఆమేన్ అని వత్తి పెద్దది చేసింది.

చూశావా, రాజును వదిలేయలేదు. అట్లని, జరిగింది మంచిదే అనీ అనలేదు. ఏలేవాళ్ల కోసం ప్రార్థన అంటే వాళ్లకు వంతపాడడం అనుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, మన గుళ్లలో కూడా ఉన్నారు. నాయకుడు వస్తే శాలువా కప్పి, తల మీద చేయి పెట్టి, ఫోటో తీసుకుని పంపిస్తారు. ఆయన చేసిన తప్పు పేరెత్తి దేవుడి ముందర పెట్టే ధైర్యం ఎంతమందికి ఉంది? మాయవ్వకు అక్షరం ముక్క రాదు. ఆమెకుండింది.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, వల్లభభాయి పటేలు, కృపలానీ మైసూరు సంస్థానానికి వచ్చి మీర్జా సాహెబుతో మాట్లాడారు. మైసూరు జెండాతో పాటు కాంగ్రెసు జెండా కూడా ఎగరేసుకోవచ్చని ఒప్పందమైంది. కాల్పుల మీద విచారణకు మద్రాసు హైకోర్టులో జడ్జీగా చేసిన మన తెలుగాయన వేపా రామేశంగారిని పెట్టారు. నీ ప్రార్థన ఫలించిందే అని ఎవరో అంటే మాయవ్వ కస్సుమందంట. "సచ్చినోళ్లు లేచి వస్తేనా ఫలించేది" అని.

1940 ఆగస్టులో నాల్వడి మహారాజు కాలం చేశాడు. అన్నం ముట్టకుండా ఏడ్చినవాళ్లలో తాత కూడా ఉన్నాడు. విదురాశ్వత్థం మరిచి కాదు. మనిషి మనసు అట్లాంటిది, దానికి రెండు దుఃఖాలూ పడతాయి.

ఇక 1947 వచ్చింది. నేను అప్పటికి చెప్పులు వరసలో పెట్టే వయసులో ఉన్నా. ఆగస్టు 15న ఢిల్లీలో చక్రవర్తి పేరు పోయింది, నెహ్రూ పేరొచ్చింది. సెప్టెంబరు 27న మద్రాసులో సెయింట్ జార్జి గుడిలో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మా లండన్ మిషన్ వాళ్లూ, మెథడిస్టులూ, ఇంగ్లీషు సంఘం వాళ్లూ ఒక్కటయ్యారు. ఇక్కడ మైసూరులో మాత్రం ఇంకా మహారాజే, బయట రోడ్ల మీద బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని గలాటా. అక్టోబరు 25న మన కోలారు జిల్లా క్యాసంబళ్లి చెంగలరాయరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. మూడు నెలలు తిరక్కుండా తాత ప్రార్థన వరస మూడుసార్లు మారింది. నలభై ఏండ్లు అరమన నుంచి మొదలుపెట్టిన నోరు, ఢిల్లీ నుంచి ఎట్ల మొదలుపెట్టాల? మధ్యలో తడబడి మళ్లీ మైసూరుకు పోయేవాడు. "తాతా, నెహ్రూ, నెహ్రూ" అని నేను మోచేత్తో పొడిచేవాణ్ని. కండ్లు తెరవకుండానే నా తల మీద మొట్టికాయ వేసి, "నెహ్రూకు కూడా, తండ్రీ" అనేవాడు.

అప్పటి ధరలు చెప్పమంటావా? అణాకు కాఫీ. గుడిలో పిల్లల కానుక కాణీ, పెద్దలది అరణా, పండగైతే పావలా. ఆడవాళ్ల కానుక వేరే లెక్క. ఎసట్లో పిండి పోసే ముందర ఒక పిడికెడు రాగులో బియ్యమో తీసి కుండలో వేసేవాళ్లు. నెలాఖరున ఆ కుండలన్నీ గుడికి చేరేవి. 1957 ఏప్రిల్ 1న కొత్త పైసలు వచ్చాయి చూడు, అరణాకు ఎన్ని పైసలని గుడిలో పెద్ద పంచాయతీ. లెక్కకు మూడు దాటుతుంది, నాలుగు కాదు. మూడు వేస్తే దేవుడికి తక్కువ, నాలుగు వేస్తే మనకు ఎక్కువ. గుడి లెక్కలు రాసే పెద్దమనిషి నాలుగు వేయమన్నాడు. మూడే వేసినవాళ్లు ఆయన ముఖం చూడకుండా తట్ట పక్కకు జరిపేసేవాళ్లు.

1962లో చైనా యుద్ధమప్పుడు మాయమ్మ చెవి కమ్మలు రక్షణ నిధికి ఇచ్చేసింది, తర్వాత బతికినన్నాళ్లూ వేపపుల్లలే. 1965లో లాల్‌బహదూర్ శాస్త్రిగారు దేశంలో తిండిగింజలు చాలవు, వారానికొక పూట మానుకోండి అన్నారు. సోమవారం రాత్రిళ్లు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా వాళ్లకు ఉపవాసం కొత్త కాదు, మంచి శుక్రవారం నాడు చేసేదే. కానీ ప్రధానమంత్రి అడిగితే చేసిన ఉపవాసం అదొక్కటే. ఆయన పేరు మాయవ్వ ఎంత ప్రేమగా పలికేదో! "పొట్టోడు, పేదోడు, నిజం చెప్పేటోడు" అనేది. 1966 జనవరి 11 పొద్దున, సరిగ్గా ఇట్ల పితికిపప్పు కాలంలోనే, పంచాయతీ రేడియోలో ఆయన తాష్కెంటులో పోయాడని వార్త వచ్చింది. ఆ సాయంత్రం ప్రార్థనలో ఆయన పేరు వచ్చే చోట మాయవ్వ ఆగి, భార్య పేరు చెప్పమని నన్నడిగింది. లలితమ్మ అని చెప్పాను. ఆ రోజు నుంచి ఆ పేరు మా వరసలో చేరింది.

ముఖ్యమంత్రి దేవరాజ్ అరసు కాలం సంగతి చెప్పకపోతే ఈ కథ కుంటుతుంది. 1974లో ఆయన చేసిన చట్టంతో దున్నేవాడికే భూమి అయింది. మా గుడిలో ముందు వరసలో భూమి పోగొట్టుకున్న పెద్దాయన, వెనక వరసలో ఆ భూమే వచ్చిన కౌలుదారు. ఆదివారం వచ్చింది, ముఖ్యమంత్రి కోసం ప్రార్థన చేయాల. ఎవరు చేస్తారు? అయ్యగారు తెలివైనవాడు, పెద్దాయన్నే చేయమన్నాడు. ఆయన చాలాసేపు నిలబడ్డాడు. చివరికి, "ప్రభువా, ముఖ్యమంత్రికి జ్ఞానమియ్యి, నాకు ఓర్పియ్యి" అని కూర్చున్నాడు. సొంత అర్జీ కలపకూడదన్న తాత కట్టుబాటు ఆ రోజు తప్పింది గానీ, తాత ఉండుంటే ఏమీ అనేవాడు కాదనుకుంటా.

మరుసటి ఏడే ఎమర్జెన్సీ. వాజపేయి, అద్వానీ లాంటివాళ్లను బెంగళూరు జైలులోనే పెట్టారు. గుడిలో ఇందిరమ్మ కోసం ప్రార్థన చేసి, ఆమె జైల్లో పెట్టినవాళ్ల కోసం కూడా చేశాడు మా నాయన. పక్కనున్నాయన ఆయన అంగీ పట్టుకుని లాగాడు, పోలీసులు వింటారని. "విననీ, వాళ్ల కోసమూ చేస్తాండా" అన్నాడు నాయన.

2007లో కోలారును విడదీసి చిక్కబళ్లాపురాన్ని జిల్లా చేశారు. ఇప్పుడు డిప్యూటీ కమిషనరు ఇంత దగ్గర్లో కూర్చుంటాడు, అయినా మీ పెద్దమ్మ నోట ఇంకా కోలారే వస్తుంది. ఉండనీలే, కోలారువాళ్లకూ కావాల్సిందే కదా.

సరే, ఇంత విన్నావు, ఒకటడుగుతా చెప్పు. ప్రధానమంత్రి పేరు తెలుసు నీకు, ముఖ్యమంత్రి పేరు తెలుసు, అమెరికా వాడి పేరు కూడా తెలుసు. మన పంచాయతీలో మన వార్డు మెంబరు ఎవరు? వాటర్‌మాన్ పేరేంది? నీళ్లు విడవనప్పుడు రోజూ తిడుతుంటావే, ఆయనే. తెలియదా? ఆ కాయలు అక్కడ పెట్టి లేచిపో, ఎదురింట్లో అడిగి కనుక్కుని రా. ప్రార్థన వేళకు ఇంకా కాసేపుంది. చెప్పులు వేసుకుపో, వచ్చాక వరసలో పెట్టు.